రాగి లేని ఇంట్లో రాగి జబ్బు

ఈమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. హైదరాబాదులో ఏదో పెద్ద ఆసుపత్రిలో జెనెటిక్ కౌన్సెలర్ అట. నా సంగతి ఎవరు చెప్పారో తెలియదు. "మీ రోజుల్లో ఈ పని ఎలా చేసేవారు సార్?" అని అడిగింది. గొడుగేసుకుని చేసేవాళ్ళం తల్లీ అన్నాను. పెద్దాయన హాస్యమాడుతున్నాడనుకుని నవ్వింది. నేను ఉన్నమాటే చెప్పాను.

ఇప్పుడీ పనికి చదువులున్నాయి, చల్లటి గదులున్నాయి, బల్లమీద టిష్యూ పేపర్ల డబ్బా ఉంటుందట. తొంభైల్లో మా ఆసుపత్రిలో వంశపారంపర్య జబ్బుల విభాగం అంటే ఒక డాక్టరుగారు, ఒక ల్యాబ్ టెక్నీషియన్ గారు, నేను. నా ఉద్యోగానికి ఫీల్డ్ అసిస్టెంట్ అని పేరు. ఒక పిల్లకో పిల్లాడికో నెత్తుటిలో దిగివచ్చిన జబ్బు ఉందని తేలితే, వాళ్ళ చుట్టాల ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, "అయ్యా, ఇది మీ పిల్లలకీ ఉండొచ్చు, ఒకసారి పరీక్షకి తీసుకురండి" అని చెప్పిరావడం నా పని. వినడానికి ఎంత తేలికో చూడండి.

కోనసీమంతా నా వంతుకొచ్చింది. అమలాపురంలో ఒక కొబ్బరి వర్తకుడి గోడౌను పైన గది తీసుకున్నాను. కింద ఎండు కొబ్బరి, పైన నేను. నా చొక్కాలు కూడా కొబ్బరి వాసనే వేసేవి. పెళ్ళి ఎందుకో కుదరలేదు. కుదరనందుకు బెంగ ఉండేదా అంటే, సాయంత్రాలు ఉండేది. మెస్సులో పక్కన కూర్చున్నాయన "ఏంటండీ విశేషాలు?" అంటే, పొద్దున్న ఒకింట్లో తల్లి నా ఎదురుగా నేలమీద కూలబడి ఏడ్చిన సంగతి గొంతుదాకా వచ్చేది. "ఏం లేవండి" అని సాంబారు కలుపుకునేవాణ్ణి. ఒకళ్ళింటి జబ్బు ఇంకొకళ్ళకి చెప్పకూడదు. అది ఆసుపత్రి నియమం. నియమం మంచిదే, కానీ దాంతో కాపురం చెయ్యడం కష్టం.

ఇంకో చిక్కుంది. ఈ పనిలో మొదట కుటుంబ వృక్షం గియ్యాలి. మీ నాన్నగారు ఎవరు, మీ అమ్మగారిది ఏ ఊరు, మేనరికమా బయటి సంబంధమా, పిల్లలెందరు, ఎవరిని ఎవరికిచ్చారు. గొడుగు, చేతిసంచీ ఉన్న మధ్యవయసు మనిషి కోనసీమలో ఒక ఇంటి అరుగెక్కి ఈ ప్రశ్నలు వేస్తే ఏమవుతుంది? పెళ్ళిళ్ళ పేరయ్య వచ్చాడనుకుంటారు. ఆసుపత్రి నుంచి వచ్చానని మొదటే చెప్పినా సరే, అది జీతం కోసం, ఇది పుణ్యం కోసం అని వాళ్ళే సర్దిచెప్పుకునేవారు. కాఫీలు, పూతరేకులు, లోపల చీరల గరగరలు. అడక్కముందే ఏడు తరాలు ఒప్పజెప్పేవారు. ఆ ఏడు తరాల్లో ఒక్కరికీ జలుబు కూడా చేసి ఉండేది కాదు. సంబంధాలు చూసేవాడి ముందు జబ్బుమాట ఎత్తే వెర్రివాడెవడు?

మా టెక్నీషియన్ గారు రాజోలు వైపు ఆవిడ, చర్చి బడిలో చదువుకుని పైకొచ్చిన మనిషి, నోటికి అడ్డు లేదు. "ముందా గొడుగు పారేయండి మాస్టారూ. మిమ్మల్ని చూస్తే నాకే మా అమ్మాయి జాతకం ఇవ్వాలనిపిస్తుంది" అనేవారు. గొడుగు పారేస్తే కోనసీమ వానకి నేను పోతాను. అందుకని ఉంచుకున్నాను.

ఇక చెప్పదలచుకున్న సంగతికి వస్తాను.

పెద్ద తుఫాను వచ్చిపోయిన తర్వాతి సంవత్సరాల్లో, ఐనవిల్లి వైపు నుంచి ఒక రైతు తన ఒక్కగానొక్క కొడుకుని మా దగ్గరికి తీసుకొచ్చాడు. కుర్రాడు డిగ్రీలో చేరి మానేశాడు. చేతులు వణుకు, నడిస్తే తూలు, మాట ముద్దముద్దగా వచ్చేది. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య అంత దూరం. మూడేళ్ళు వాళ్ళు ఎక్కని గుడి లేదు, కట్టించుకోని తాయెత్తు లేదు. మా డాక్టరుగారు కుర్రాడి కంట్లోకి లైటు వేసి చూసి, నల్లగుడ్డు చుట్టూ ఉన్న సన్నటి వలయాన్ని నాకు చూపించారు.

ఆ జబ్బుకి ఒక ఇంగ్లీషు పేరుంది, దాంతో మనకి పని లేదు. మనం తినే తిండిలో రాగి కొంచెం ఉంటుంది. ఒంటికి కావలసినంత ఉంచుకుని మిగిలింది కాలేయం బయటికి పంపేస్తుంది. ఈ జబ్బున్నవాళ్ళకి ఆ పంపడం రాదు. రాగి పేరుకుపోతూ ముందు కాలేయాన్నీ తర్వాత మెదడునీ పట్టుకుంటుంది. తల్లి దగ్గర్నుంచి ఒక వంతు, తండ్రి దగ్గర్నుంచి ఒక వంతు కలిస్తేనే జబ్బు వస్తుంది. ఆ తల్లీ తండ్రీ మాత్రం రాయిలా ఉంటారు. దీనికి మందుంది. లక్షణాలు ముదరకముందే మొదలెట్టి జీవితాంతం వేసుకుంటే మనిషి మామూలుగా బతుకుతాడు. ముదిరాక మొదలెడితే, చెప్పలేం. ఈ కుర్రాడికి ముదిరింది.

నేను కూర్చుని వృక్షం గీశాను. గీస్తుంటే నా చెయ్యి ఆగింది. వాళ్ళది కుండమార్పిడి పెళ్ళి. ఈ రైతు ఎవరి చెల్లెలిని చేసుకున్నాడో, ఆయనకే తన చెల్లెల్ని ఇచ్చాడు. అక్కడి పిల్ల ఇక్కడికి, ఇక్కడి పిల్ల అక్కడికి. పైగా ఆ రెండిళ్ళూ అంతకుముందే బంధువులు. అంటే ఈ కుర్రాడి నెత్తురు ఎక్కడినుంచి వచ్చిందో, రాజోలు వైపు ఉన్న వాళ్ళ మేనమామగారి పిల్ల నెత్తురూ అక్కడినుంచే వచ్చింది. ఆ పిల్ల ఇంటర్ చదువుతోంది. వాళ్ళకి ఒక్కతే కూతురు.

"ఆ అమ్మాయిని వెంటనే తీసుకురమ్మనండి" అన్నారు డాక్టరుగారు.

రైతు చాలా మర్యాదస్తుడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మా వాడికి ఏం చెయ్యమంటే అది చేస్తామండి. మా చెల్లెలింటికి మాత్రం నేను చెప్పనండి. మీరు కూడా చెప్పొద్దండి. ఏమనుకోకండి."

ఎందుకని తర్వాత వాళ్ళింట్లో అడిగాను. కొంతకాలం కిందట చుట్టాలింట్లో పెళ్ళిలో ఈ కుర్రాడు భోజనాల బంతిలో కూర్చున్నాడట. చెయ్యి వణికి పులుసు పక్కాయన పంచెమీద పడింది. లేవబోయి తూలాడు. మేనమామ వచ్చి భుజం పట్టుకుని లేపేశాడట.

"తాగొచ్చిన ఎదవకి విస్తరెందుకురా అన్నాడండి మా బావ, పదిమందిలోనూ. నా కొడుకు సారా వాసన కూడా ఎరగడండి. ఆడు ఏదో చెప్పబోయేడు, నోట మాట రాలేదు. అది చూసి ఇంకా నవ్వేరండి" అన్నాడు రైతు. ఆయన భార్య గుమ్మంలో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లేపినవాడు ఆవిడ సొంత అన్నగారు. పుట్టినప్పటినుంచీ ఈ కుర్రాడికే ఆ పిల్ల అని రెండిళ్ళలోనూ అనుకుంటూ ఉండేవారట. ఆ పెళ్ళి తర్వాత ఇంక రాకపోకలు లేవు.

అనుమతి లేకుండా చెప్పకూడదు. చెప్పకపోతే ఆ పిల్లకి ఏమవుతుందో ఈ కుర్రాణ్ణి చూస్తే తెలుస్తూనే ఉంది. డాక్టరుగారు ఒక దారి చెప్పారు. వీళ్ళ పేరెత్తకుండా ఊరికే వెళ్ళి ఆ ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం కనుక్కోమన్నారు. ఏటి మీద మనుషుల్నీ సైకిళ్ళనీ దాటించే పంటు ఎక్కి రేవు దాటి వెళ్ళాను. గొడుగుతోనే వెళ్ళాను. మేనమామగారు ఆజానుబాహుడు, గంభీరమైన మనిషి. "దయచేయండి, దయచేయండి" అని పడకకుర్చీ నాకు వదిలేసి తను బల్లమీద కూర్చున్నారు. నేను పిల్లల ఆరోగ్యం అన్నానో లేదో అందుకున్నారు.

"మా వంశంలో కళ్ళజోడు పెట్టుకున్న మనిషి కూడా లేడండి. ఎక్కడైనా వాకబు చేసుకోండి" అన్నారు. అంటూనే తన కళ్ళజోడు మెల్లిగా తీసి పేపరు కింద పెట్టారు. "అమ్మాయికి ఏ లోటూ లేదండి. కాస్త సిగ్గెక్కువ, అంతేనండి. అబ్బాయి ఏం చేస్తుంటాడండి?"

ఏ అబ్బాయీ లేడని చెప్పి బయటపడేసరికి ఎండెక్కింది. తిరిగి పంటు మీద నిలబడి ఆ నీళ్ళు చూస్తుంటే నా మీద నాకే జాలి వేసింది. ఒక పిల్ల ప్రాణానికి సంబంధించిన మాట నోట్లో పెట్టుకుని వెళ్ళి, పూతరేకు తిని వచ్చాను.

ఈలోగా ఇంకో విచిత్రం జరిగింది. డాక్టరుగారు ఆ తల్లిదండ్రులకి జబ్బు సంగతంతా ఓపిగ్గా చెప్పి, లేవబోతూ చివర్లో ఒక మాట అన్నారు: "ఇంట్లో రాగి బిందెలూ చెంబులూ వాడకండి, రొయ్యలు పీతలు పెట్టకండి." అంతసేపు చెప్పినదాంట్లో వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళింది ఆ ఒక్క మాటే. ఇక్కడి ఇళ్ళలో రాగి బిందె, రాగి గంగాళం, స్నానాల రాగి కాగు ఆడపిల్ల సారెతో వచ్చేవి. ఒంటికి మంచిదని రాత్రి రాగి చెంబులో నీళ్ళు పోసి తెల్లారి తాగేవారు. ఆవిడ ఉన్న రాగంతా బండికెత్తించి అమలాపురంలో సామాన్ల కొట్లో ఇచ్చేసి, స్టీలు తెచ్చుకుంది. కొట్టు యజమాని ఎందుకమ్మా అని అడిగాడు. ఆవిడ చెప్పింది. సామాన్ల కొట్లో పడ్డ మాట రేవు దాటడానికి పంటు అక్కర్లేదు. నెల తిరక్కుండా చుట్టుపక్కల ఊళ్ళలో రాగి చెంబులు మాయమవడం మొదలెట్టాయి.

టెక్నీషియన్ గారు పళ్ళు నూరారు. "మన డాక్టరుగారు ఆ చివరి ముక్క మింగేసి ఉంటే బాగుండేదండి. ఇప్పుడు జబ్బు బిందెలో ఉందనుకుంటున్నారు, బిడ్డలో ఉందని ఎవరనుకుంటారు?"

నేను ఐనవిల్లి వైపు వెళ్తూనే ఉన్నాను. రైతు ప్రతిసారీ కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేవాడు, నా మాటంతా వినేవాడు, "ఆయ్, నిజమేనండి" అనేవాడు, అనుమతి మాత్రం ఇచ్చేవాడు కాదు. గట్టిగా కాదని ఉంటే పోట్లాడి ఉండేవాణ్ణి. ఆ మెత్తదనంతో ఎలా పోట్లాడాలో నాకు తెలియలేదు.

చివరికి డాక్టరుగారే అన్నారు, "కుర్రాడికి మైనారిటీ తీరిందిగా. జబ్బు అతనిది. అతన్ని అడిగారా?"

నిజం చెప్పొద్దూ, అతన్ని అడగాలని మా ఎవరికీ తట్టలేదు. మాట ముద్దగా వచ్చేవాడికి బుద్ధి కూడా ముద్దగానే ఉంటుందని లోకం అనుకుంటుంది. తర్వాతసారి మందుల కోసం తల్లితో వచ్చినప్పుడు వరండాలో అతని పక్కన కూర్చుని, సంగతంతా చెప్పి, మీ మరదలికి చెప్పమంటారా అని అడిగాను. అతను నోరు తెరిచాడు. మాట రావడానికి టైము పట్టింది. అతని మాట పూర్తి కాకముందే జనం తామే పూర్తిచేసి పోతూంటారు. నేను కదలకుండా కూర్చున్నాను.

"మీరు... చెప్తే... మావయ్య... నమ్మడు" అన్నాడు. మళ్ళీ ఆగాడు. "నేనే... వస్తాను."

తల్లి మా ఇద్దరినీ చూసింది. "అప్పనపల్లి దర్శనానికని చెప్పి తీసుకొస్తానండి" అంది. మొగుడి మాట ఆవిడ ఏనాడైనా దాటిందో లేదో నాకు తెలియదు.

అనుకున్న రోజున ముగ్గురం రేవులో కలిశాం. పంటు ఎక్కుతుంటే కుర్రాడు తూలాడు. నేను రెక్క పట్టుకున్నాను. సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒకాయన పక్కవాడితో, "పొద్దున్నే ఎక్కేసిందే బాబుకి" అన్నాడు. నలుగురు నవ్వారు. నాకు ఒళ్ళు మండి తిరగబోతే, తల్లి నా చొక్కా అంచు పట్టుకుంది. "పోన్లెండి. ఎందరికని చెప్తామండి" అంది. కుర్రాడు నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. అతను ఈ మాట ఎన్నిసార్లు విన్నాడో ఆలోచించడం నాకు అప్పుడే మొదలైంది.

మేనమామగారు అరుగుమీదే ఉన్నారు. నన్ను చూసి మొహం విప్పారింది. నా వెనక ఎవరున్నారో చూసి లేచి నిలబడ్డారు. దయచేయండి అనలేదు. ఆవిడ "అన్నయ్యా" అంది. లోపల్నుంచి ఆయన భార్య పరుగెత్తుకొచ్చి, మేనల్లుణ్ణి పట్టుకుని బల్లమీద కూర్చోబెట్టింది. "ఇలా అయిపోయేవేంట్రా నాన్నా" అని అతని మోకాళ్ళు నిమురుతోంది.

కుర్రాడు మేనమామ మొహంలోకి చూశాడు. దారంతా లోపల్లోపల వల్లెవేసుకుంటూ వచ్చాడనుకుంటాను.

"మావయ్యా... నేను... తాగలేదు."

ఆయన స్తంభానికి చెయ్యి ఆనించుకున్నారు.

"ఇది... జబ్బు. మన... రెండిళ్ళదీ."

నేనందుకుని చెప్పడం మొదలెట్టాను. జబ్బు ఇది, ఇలా వస్తుంది, అమ్మాయికీ ఉండొచ్చు, లేకపోవచ్చు, ఒక్కసారి చూపిద్దాం. నేను చెప్పినంతసేపూ మేనత్త తల ఊపింది. తర్వాత నన్ను ఓదార్చబోయింది.

"మాకు తెలుసండి, రాగి జబ్బటగదా. సామాన్ల కొట్లో అనుకుంటుంటే విన్నామండి. మేం ఎప్పుడో తీసేసేమండి. మా ఇంట్లో చూసుకోండి, రాగి చెంబు లేదండి, రాగి గరిటె లేదండి. అన్నీ స్టీలేనండి. మా పిల్లకి భయం లేదండి."

ఆవిడ ఎంత నమ్మకంగా చెప్పిందంటే, ఒక్క క్షణం నాకూ అదే నిజమైతే బాగుండుననిపించింది. కాదమ్మా, గిన్నెల్లోంచి రాదు, ఒంట్లోంచే వస్తుంది అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. మేనమామగారు అప్పటికి తేరుకున్నారు. "అలాగేనండి, వీలు చూసుకుని వస్తామండి" అన్నారు. ఆ వీలు ఎన్నటికీ చిక్కదని కోనసీమలో నాలుగు రోజులు తిరిగినవాడికెవడికైనా తెలుసు. నేను సంచీ సర్దుకోబోయాను.

అప్పుడా పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. స్టీలు గ్లాసు, రెండు చేతులతో పట్టుకుని వంగి నాకిచ్చింది. నేను మొదటిసారి వచ్చినప్పుడూ అలాగే రెండు చేతులతో ఇచ్చింది. పెంపకం బాగుందనుకున్నాను. పెద్దలకి అలాగే కదా ఇస్తారు. బావకి కూడా ఒక గ్లాసు తెచ్చి, అలాగే రెండు చేతులతో పట్టుకుని ముందుకు చాచింది. అతను తీసుకోలేదు. ఆ చేతులకేసి చూస్తున్నాడు.

"అత్తా" అన్నాడు. "ఒక... చేత్తో... ఇమ్మను."

"ఏంట్రా?"

"ఒక... చేత్తో."

పిల్ల మొహం ఎర్రబడింది. తల్లికేసి చూసింది. ఎడమ చెయ్యి తీసింది. గ్లాసు వణికింది. ఆపుదామని మోచెయ్యి పక్కకి ఆనించుకుంది. నీళ్ళు అంచుదాటి ఆమె వేళ్ళమీదా, కుర్రాడి మోకాళ్ళమీదా పడ్డాయి. గ్లాసు జారి అరుగుమీద దొర్లింది.

"ఎన్నాళ్ళనుంచే?" అంది తల్లి.

"వేసవి సెలవుల్నుంచీ" అంది పిల్ల. ఏడుస్తోంది. "రికార్డు బాగా రాయట్లేదని మేడం తిట్టేరు. నీకు చెప్తే కంగారుపడతావని..."

కుర్రాడు తన చెయ్యెత్తి, వణుకుతూనే ఆ పిల్ల తడిసిన చెయ్యి పట్టుకున్నాడు. వణుకుతున్న రెండు చేతులు అలా కలిసి ఉండగా నేను చూడలేక వీధిలోకి చూశాను. మేనమామగారు లోపలికి వెళ్ళి, చొక్కా వేసుకుని వచ్చారు. "బండి ఎన్నింటికండి?" అన్నారు.

ఆసుపత్రిలో లైటు వేసి చూస్తే, ఆ పిల్ల కంటి నల్లగుడ్డు చుట్టూ కూడా అదే సన్నటి వలయం కనిపించింది. డాక్టరుగారు తలెత్తి, "సమయానికే వచ్చారు" అన్నారు. ఆయన అంత సంతోషంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మందు మొదలెట్టారు. పెళ్ళీడుకొచ్చాక చుట్టాల్లో ఇవ్వొద్దని మరీ మరీ చెప్పారు.

ఆసుపత్రి మెట్ల దగ్గర మేనమామగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. కళ్ళనిండా నీళ్ళు. "మీరు మాకు దేవుడండి. మా పిల్లని నిలబెట్టేరు. ఈ జన్మకి మర్చిపోమండి." ఆగి, గొంతు తగ్గించారు. "కానీ మీరు మళ్ళీ మా గుమ్మం ఎక్కకండి. మీరు ఆసుపత్రి మనిషని అందరికీ తెలుసు. ఆడపిల్లండి. ఏమనుకోకండి, బాబ్బాబు."

ఏమీ అనుకోలేదన్నాను. అనుకున్నాను. ఆ రాత్రి మెస్సుకి వెళ్ళలేదు.

కుర్రాడు మరుసటి వర్షాకాలంలో పోయాడు. మందు అతని మెదడుని తిరిగి తేలేకపోయింది. దినాలు అయ్యాక ఐనవిల్లి వైపు వెళ్ళాను. రైతు కొబ్బరితోటలో మట్టలు ఏరుతున్నాడు. నన్ను చూసి ఒక మట్ట పక్కకి లాగి, కూర్చోమన్నట్టు చూపించాడు. అప్పనపల్లి దర్శనం అసలు సంగతి ఆయనకి భార్యే చెప్పేసిందట.

"చెప్పొద్దన్నాను గదండీ" అన్నాడు.

"అన్నారండి."

ఆయన చేతిలో ఉన్న మట్ట ఆకులు ఒక్కొక్కటే దూశాడు.

"పిల్లెలా ఉందండి?"

"బాగుందండి. వణుకు చాలా తగ్గింది."

"మా బావ శవం దగ్గరికొచ్చేడండి. ఏడ్చేడు. పిల్ల సంగతి మాత్రం నాక్కూడా చెప్పలేదు. దాచుకోనీండి. ఉందిగదా, అంతే చాలండి." ఆయన లేచి మళ్ళీ మట్టలు ఏరసాగాడు. నేను కూడా నాలుగు ఏరిపెట్టి వచ్చేశాను.

ఆ తర్వాత ఎందరి ఇళ్ళకో వెళ్ళాను. కొందరు వచ్చారు, ఎక్కువమంది రాలేదు. వచ్చినవాళ్ళు కూడా బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగేవారు. మీలో ఈ పనికి వచ్చేవాళ్ళు ఒకటి తెలుసుకోండి. మిమ్మల్ని చూస్తే జనానికి మీరు చేసిన మేలు గుర్తుకురాదు, వాళ్ళ జబ్బు గుర్తుకొస్తుంది. అందులో వాళ్ళ తప్పు లేదు. ఈ సంగతి నాకెవరూ ముందు చెప్పలేదు కనక చెబుతున్నాను.

రిటైరయ్యాక ఒకసారి అమలాపురంలో రాజమండ్రి బస్సెక్కాను. నిలబడ్డ నన్ను చూసి ఒక యువకుడు చంకలో పాపతో లేచి, "కూర్చోండి మాస్టారూ" అన్నాడు. మాట తీరునుబట్టి కృష్ణ అవతలివాడు, చుట్టరికం కాని సంబంధం. ఆ సీట్లో కిటికీ పక్కన అతని భార్య. నేను కూర్చున్నాక ఆమె తల తిప్పి చూసింది. నేను గుర్తుపట్టాను. ఆమె నాకన్నా ముందే గుర్తుపట్టింది. మొహంలో రంగు మారింది.

కొత్తపేట దాటాక భర్త సంచీలోంచి ఒక సీసా తీసి ఆమెకిచ్చాడు. "వేసుకున్నావా? మళ్ళీ మర్చిపోతావు." నాకేసి చూసి, "రక్తం తక్కువండీ ఈమెకు. చిన్నప్పటినుంచీ వాడుతోంది" అన్నాడు. ఆ మందు నాకు తెలుసు. అప్పట్లో ఇక్కడ దొరక్క దానికోసం మద్రాసు మందులవాళ్ళ చుట్టూ తిరిగినవాణ్ణి. ఆమె నోట్లో వేసుకుని నీళ్ళు తాగింది. నా ఊపిరి నాకు తిరిగొచ్చినట్టయింది.

"మీరేం చేసేవాళ్ళండీ?" అన్నాడు అతను.

"ఆసుపత్రిలోనండి."

"ఆసుపత్రిలో అంటే, ఏ పనండీ?"

ఆమె చెయ్యి కిటికీ కమ్మీ మీద బిగుసుకుంది. నేను అటు చూడలేదు.

"స్టోర్సులోనండి. దుప్పట్లూ దూదీ చూసుకునేవాణ్ణి."

"హాయైన పనండీ. రోగులతో గొడవుండదు."

"ఆయ్" అన్నాను. "ఆ గొడవ లేదండి."

రావులపాలెంలో వాళ్ళు దిగారు. భర్త పాపతో ముందు దిగిపోయాడు. ఆమె నన్ను దాటుతూ ఒక క్షణం ఆగింది. "వెళ్ళొస్తాను బాబాయిగారూ" అంది. ఆ వరసలో ఎవరినైనా పిలుస్తారు మా వైపు. మంచిదమ్మా అన్నాను. బస్సు కదిలాక కిటికీ పక్కకి జరిగి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. సంతోషంతోనే అనుకుంటాను. ఎందుకని అడిగేవాళ్ళు పక్కన ఎవరూ లేరు.